పోర్ట్రెయిట్‌కి కూర్చోబెట్టే ముందు: వెలుతురు, కుర్చీ, చేతిలో వస్తువు, వెనక గోడ

పోర్ట్రెయిట్ వేయించుకోవాలనుకునే ఇళ్లవాళ్లు, కొత్తగా వేయడం మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు రెండు. చేతిలో ఏం పెట్టాలి? వెనక ఏం ఉండాలి? రెండింటికీ జవాబు ఉంది గానీ, మొదట తేల్చుకోవాల్సినవి అవి కావు. చాలామంది ముందు వెనక కట్టే తెర కొంటారు, తర్వాత కుర్చీ వెతుకుతారు, వెలుతురు ఎటునుంచి వస్తోందో ఆఖర్న చూస్తారు. ఆ వరస తిరగేయాలి.

నేను పాటించే వరస ఇది: బొమ్మ ఎక్కడ తగిలిస్తారు, మనిషి ఎంతవరకు కనపడాలి, వెలుతురు, కూర్చోవడం, చేతులు, బట్టలు, వెనక. ఒకటి తేలాకే తర్వాతది. ఇదంతా మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ఆయిల్ రంగులతో వేసే పద్ధతికి. ఫోటో చూసి వేసేవాళ్లకు విడిగా ఒక భాగం రాశాను.

1. బొమ్మ తగిలించే గోడ చూడండి

ఆ గోడకి కిటికీ ఎటువైపు ఉందో చూడండి. గదిలో వెలుతురు ఎడమనుంచి వస్తుంటే, బొమ్మలో కూడా ఎడమనుంచే వచ్చేటట్టు కూర్చోబెడితే బొమ్మ ఆ గదిలో కుదురుకుంటుంది. ఎన్ని అడుగుల దూరం నుంచి చూస్తారో కూడా కొలవండి. హాల్లో పది అడుగుల అవతల నుంచి చూసే బొమ్మలో చిన్న చిన్న వస్తువులు పెట్టి ప్రయోజనం లేదు.

ఇంట్లోవాళ్లను ఈ నాలుగు ముందే అడిగి రాసుకోండి:

☐ ఏ సందర్భానికి? (షష్టిపూర్తి, రిటైర్మెంట్, గృహప్రవేశం, జ్ఞాపకార్థం)
☐ ఎప్పటికి కావాలి? ఆయిల్ ఆరడానికి టైం పడుతుంది. ఈశాన్య రుతుపవనాల వానల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఇంకా ఎక్కువ పడుతుంది.
☐ ఎదురుగా కూర్చోగలరా, ఫోటోనే ఆధారమా?
☐ వస్తువుల విషయంలో ఆఖరి మాట ఎవరిది? ఇది అడక్కపోతే ముగ్గురు కొడుకులు మూడు రకాలుగా చెప్తారు.

2. ఎంతవరకు కనపడాలి

కాన్వాస్ సైజే వస్తువుల సంగతి సగం తేల్చేస్తుంది. 18×24 అంగుళాల కాన్వాస్‌లో తల, భుజాలు, ఛాతీ పడతాయి. చేతులు ఉండవు కాబట్టి చేతిలో వస్తువు ప్రశ్నే రాదు. 24×30లో నడుం వరకు, ఒకటో రెండో చేతులతో వేయొచ్చు. కూర్చున్న మనిషి మోకాళ్ల వరకు, పక్కన చిన్న బల్లతో సహా కావాలంటే 30×40 తీసుకోండి. తల అసలు కొలతకంటే కాస్త చిన్నగా ఉండాలి. అంతకు మించితే గోడ మీద మనిషి రాక్షసుడిలా కనపడతాడు.

ముందు అగ్గిపెట్టె అంత సైజులో పెన్సిల్ బొమ్మలు ఐదారు గీయండి. ముఖం, చేతులు, వస్తువు ఎక్కడెక్కడ పడతాయో చూస్తే చాలు. ఒక అట్టముక్కలో కాన్వాస్ నిష్పత్తికి సరిపోయేలా కిటికీ కోసి, అందులోంచి మనిషిని చూడటం ఇంకా సుఖం.

3. వెలుతురు

పుస్తకాలన్నీ ఉత్తరపు కిటికీ మంచిదంటాయి, ఎండ నేరుగా పడదు కాబట్టి. అది చలి దేశాల లెక్క. నెల్లూరు దాదాపు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, ఒంగోలు 15.5 డిగ్రీల మీద. మనకు ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు మధ్య వరకు మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. మార్చి ఆఖరు నుంచి సెప్టెంబరు మూడో వారం వరకు తూర్పుకి కాస్త ఉత్తరంగా పొడుస్తాడు, పడమటికి కాస్త ఉత్తరంగా కుంకుతాడు. అంటే ఎండాకాలంలో మన ఉత్తరపు కిటికీలోకి కూడా ఎండ వస్తుంది.

మధ్యాహ్నపు ఎండతో పెద్ద పేచీ లేదు, సజ్జ ఆపేస్తుంది. పొద్దున, సాయంత్రం ఏటవాలుగా వచ్చే ఎండతోనే ఇబ్బంది. ఎండాకాలంలో పది నుంచి మూడు మధ్య కూర్చోబెట్టండి, లేదా కిటికీకి పల్చటి తెల్ల మల్లుగుడ్డ కట్టండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉత్తరపు కిటికీకి సాటి లేదు. మబ్బు పట్టిన రోజైతే ఏ దిక్కు కిటికీ అయినా పర్వాలేదు.

చేయాల్సిన పని ఈ వరసలో:

ఒకటి, గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పండి. ట్యూబ్‌లైటు, కిటికీ కలిస్తే ముఖం మీద రెండు రంగుల వెలుగు పడుతుంది, చర్మం రంగు చచ్చినా కలవదు.

రెండు, ఒక్క కిటికీ ఉంచి మిగతావి మూయండి. ఆ కిటికీ కింది సగానికి, నేలనుంచి సుమారు నాలుగడుగుల వరకు, అట్ట అడ్డం పెట్టండి. వెలుతురు పైనుంచి దిగుతుంది, ముక్కు నీడ కిందకి పడుతుంది, కళ్ల గుంటలకు ఆకారం వస్తుంది.

మూడు, గోడలు, నేల చూడండి. మన ఇళ్లలో గోడలకు చిలకపచ్చ, గులాబీ రంగులు మామూలే. ఆ రంగు నీడ వైపు చెంప మీద పడుతుంది. తెల్ల మార్బుల్ నేల గడ్డం కిందనుంచి వెలుగు కొడుతుంది. చీమకుర్తి నల్ల గ్రానైట్ అయితే అందులోని మెరుపు చుక్కలతో సహా కిటికీని అద్దంలా చూపిస్తుంది. మూడింటికీ మందు ఒకటే. నేలమీద ముదురు రంగు జంపఖానా పరచండి, పక్క గోడకి బూడిదరంగు దుప్పటి వేలాడదీయండి.

కిటికీ కుదరకపోతే, లేదా రాత్రిపూటే వీలైతే, ఒక్క ఎల్‌ఈడీ లైటు వాడండి. 5000 కెల్విన్ (పగటి వెలుతురులాంటి తెలుపు) చుట్టుపక్కల, సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనపడతాయో చెప్పే అంకె) 90 పైన ఉన్నది అడిగి తీసుకోండి. తలకంటే ఎత్తులో, పక్కకి 45 డిగ్రీల కోణంలో పెట్టండి. రెండో లైటు పెట్టాలనిపిస్తే అణుచుకోండి.

4. కుర్చీ

సోఫా వద్దు. మనిషి అందులో దిగబడిపోయి మెడ పోతుంది. పడక కుర్చీ చూడ్డానికి బాగుంటుంది గానీ గడ్డం పైకి లేస్తుంది, పొట్ట ముందుకొస్తుంది. చేతులున్న పాత టేకు కుర్చీ ఉంటే అదే ఎంచుకోండి.

మీరు నిలబడి వేస్తుంటే కుర్చీని అడుగు ఎత్తు బల్ల మీదకి ఎక్కించండి. ఇద్దరి కళ్లూ ఒకే ఎత్తులో ఉండాలి. గోడకి కనీసం మూడు నాలుగడుగుల ముందుకి జరపండి, లేకపోతే మనిషి నీడ గోడమీద రెండో మనిషిలా కనపడుతుంది.

5. చేతిలో ఏం పెట్టాలి

ఎక్కువ టెన్షన్ ఇక్కడే. నా పద్ధతి ఒకటే: ఆ చేతికి అలవాటైన వస్తువే పెట్టాలి. గౌరవంగా ఉంటుందని ఎప్పుడూ పుస్తకం పట్టని పెద్దాయన చేతిలో లావుపాటి పుస్తకం పెడితే, ఆయన దాన్ని పెళ్లిలో ఇచ్చిన కొబ్బరికాయలా పట్టుకుంటాడు. వేళ్లకు ఏం చేయాలో తెలియదు, ఆ తెలియకపోవడం బొమ్మలో కనపడుతుంది.

కనిపెట్టడం తేలికే. మనిషిని కూర్చోబెట్టి ఓ అరగంట మాట్లాడండి. వేళ్లు దేన్ని తడుముతున్నాయో చూడండి. ఒకాయన తువ్వాలు మడత పెడుతూ ఉంటాడు. ఒకావిడ తాళాలగుత్తి తిప్పుతూ ఉంటుంది. కళ్లద్దాలు తీసి పైట చెంగుతో తుడిచే టీచరమ్మలు ఎందరో. మీకు కావాల్సింది అదే.

మన వైపు మనుషులకు నప్పే కొన్ని:

ఎద్దుల్ని సాకిన రైతు: ఒంగోలు గిత్తను వెనక నిలబెట్టమని అడుగుతారు. వద్దని చెప్పండి. అంత మూపురం, అంత తెలుపు పక్కనుంటే ముఖం ఎవరూ చూడరు. చేతిలో పలుపు, లేదా ఒళ్లో మువ్వల పట్టెడ పెడితే ఎద్దు లేకుండానే ఎద్దు వస్తుంది.

రొయ్యల చెరువు రైతు: చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే వల పళ్లెం) చేతికిస్తే పెద్దదైపోతుంది, కాన్వాస్ సగం తినేస్తుంది. దాన్ని పక్కన గోడకి ఆనించి అంచు మాత్రం కనపడనివ్వండి. చేతులు మోకాళ్లమీద ఖాళీగా ఉండనివ్వండి.

వంటిల్లు ఏలిన అమ్మ: ఉదయగిరి చెక్క గరిటె, వాడి వాడి అంచు నల్లబడినది. కొత్తది కొనుక్కురావద్దు. గరిటె పట్టుకుని నిలబడాల్సిన పని కూడా లేదు, ఒళ్లో పళ్లెం మీద ఉంటే చాలు.

బడిపంతులు: మార్కాపురం పలక. నలుపు బాగా ముదురు కాబట్టి దాన్ని ముఖానికి దూరంగా, ఒళ్లో ఏటవాలుగా పెట్టండి. దానిమీద అక్షరాలు రాయించవద్దు. చూసేవాళ్లు ముందు అవే చదువుతారు.

సెల్‌ఫోను పెట్టొచ్చా అని కుర్రవాళ్లు అడుగుతున్నారు. రోజంతా చేతిలో ఉండేది అదే అయినప్పుడు తప్పేముంది? స్క్రీన్ ఆర్పేసి పెట్టండి. దాని వెలుగు కిందనుంచి ముఖం మీద పడితే మూడో భాగంలో పడ్డ శ్రమ పోతుంది.

వస్తువుకి అసలు బరువు ఉండాలి. చెంబు పట్టుకుంటే నీళ్లతోనే పట్టుకోవాలి, అప్పుడే మణికట్టు సరిగ్గా వంగుతుంది. ఇరవై నిమిషాలు మోయలేని బరువైతే బల్లమీద ఆనించి చెయ్యి పైన వేయించండి. ఇత్తడి, కంచు అయితే మొదటి రోజు చింతపండుతో తోమి, తర్వాత బొమ్మ అయ్యేవరకు ముట్టుకోవద్దు. మధ్యలో మళ్లీ తోమితే మెరుపు మారిపోతుంది. గుండ్రటి చెంబులో కిటికీ, మీరు, ఈజిల్ (కాన్వాస్ నిలబెట్టే స్టాండు) అన్నీ కనపడతాయి. కిటికీ మెరుపు ఉంచుకుని మిగతావి వదిలేయండి.

ఎన్ని వస్తువులు? ఒకటి. మరీ కావాలంటే పక్కన బల్లమీద ఇంకొకటి. షీల్డులు, శాలువాలు, మంత్రిగారితో దిగిన ఫోటో కూడా బొమ్మలో రావాలంటారు. వాటికి విడిగా అద్దాల బీరువా ఉంది.

6. బట్టలు, నగలు

గంజి పెట్టిన తెల్ల చొక్కా, తెల్ల పంచె మన పెద్దవాళ్ల యూనిఫాం. పెయింటర్‌కి అదే తలనొప్పి, ఎందుకంటే కాన్వాస్ మీద ముఖంకంటే చొక్కా ఎక్కువ వెలుగుతుంది. పాతబడి మెత్తబడిన నూలు చొక్కా వేసుకోమనండి. ఉతికేటప్పుడు నీలిమందు పెట్టవద్దని ముందే చెప్పండి, నీలి తెలుపు పక్కన చర్మం కందినట్టు కనపడుతుంది. మెడలో కండువా వేస్తే ఆ తెలుపు రెండు ముక్కలవుతుంది.

చీర విషయంలో జరీ అంచు ఎక్కడ పడుతుందో చూడండి. పైట ఎడమ భుజం మీదకి వస్తుంది. కాబట్టి వెలుతురు ఆవిడ కుడివైపు నుంచి వచ్చేలా కూర్చోబెడితే ఎడమ భుజం నీడలో ఉండి జరీ అణుగుతుంది, ముఖం ముందుకొస్తుంది. సన్నంచు వెంకటగిరి నూలు చీర పోర్ట్రెయిట్‌కి చాలా అనుకూలం, మడతలు పదునుగా నిలబడతాయి. బరువైన పట్టుచీరలో మడతలు పెద్దవి, మెరుపు ఎక్కువ. కొత్తవాళ్లు నూలుతో మొదలుపెట్టడం మేలు. ముదురు ఎరుపు చీరైతే గడ్డం కింద ఎర్రటి ఛాయ పడుతుంది. అది తప్పు కాదు, చూసి వేయండి.

జరీకి బంగారు రంగు డబ్బా కొనకండి. ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), రా అంబర్ (ముదురు గోధుమ) రంగులతో ముదురుగా వేసి, వెలుగు తగిలే చోట మాత్రం తెలుపు కలిపిన నిమ్మపసుపు చుక్కలు పెడితే సరిపోతుంది.

మనిషి లేచి మళ్లీ కూర్చుంటే చీర మడతలు మారతాయి, ఎవరి తరమూ కాదు. ముఖం వేయడం అయ్యాక అదే చీరను కుర్చీలో నిలబెట్టిన బాలీసుకి చుట్టి, మడతలు కుదిర్చి, తీరిగ్గా వేసుకోండి. ఫ్యాను పైట ఎగరేస్తుంది, ఆపేస్తే చెమట. ఏసీ లేకపోతే టేబుల్ ఫ్యానును కాళ్లవైపు, వెనకనుంచి తిప్పండి.

పువ్వులు: మల్లెమొగ్గలు సాయంత్రానికి విచ్చుకుని ఆకారం మారిపోతాయి. మొదటి రోజే ఆ భాగం పూర్తి చేయండి, లేదా పూలు ఆఖరి రోజుకి వదిలి అప్పుడు తాజాగా కొనండి. కనకాంబరాలు కాస్త ఓర్చుకుంటాయి.

కళ్లద్దాలు: మెరుపు పడుతుంటే ఫ్రేమ్ కాళ్లను చెవులమీద వెంట్రుకవాసి పైకి లేపండి, అద్దాలు కిందకి వాలి మెరుపు పోతుంది. అద్దాలు తీసేసిన ఉత్త ఫ్రేమ్ పెట్టి వేసేవాళ్లున్నారు. మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్లకు అద్దంలోంచి చెంప అంచు లోపలికి జరిగినట్టు కనపడుతుంది. ఉత్త ఫ్రేమ్‌తో అది రాదు, ఇంట్లోవాళ్లు "ఏందో తేడాగా ఉండాదే" అంటారు గానీ ఎందుకో చెప్పలేరు.

నగలు రోజుకో రకం మార్చకూడదు. మొదటి రోజు పెట్టుకున్నవి రాసుకోండి. భర్త పోయిన ఆవిడ బొమ్మలో బొట్టు, గాజులు ఉండాలా వద్దా అన్నది పెయింటర్ తేల్చేది కాదు, కొడుకులు తేల్చేదీ కాదు. ఆవిడనే, ఎవరూ లేనప్పుడు, అడగండి.

7. వెనక

"ఇదేంది నాయనా, ఉత్త గోడ పెట్టావే?" అని అడుగుతారు. ఉత్త గోడే పెట్టండి. వెలుతురు పడే చెంప వెనక గోడ కాస్త ముదురుగా, నీడ చెంప వెనక కాస్త లేతగా ఉంటే తల గోడనుంచి విడివడి నిలబడుతుంది. గుడ్డ కడితే మెరవని నూలుగుడ్డ, బూడిద కలిసిన ఆకుపచ్చో, గోధుమ రంగో. ఫ్లెక్సీ, శాటిన్ వద్దు. ఇస్త్రీ మడతల గీతలు పోయేలా ముందురోజే వేలాడదీయండి.

ఇంట్లో పనికొచ్చే చోట్లు: వరండా స్తంభం, సగం తెరిచిన తలుపు, నీడలో ఉన్న ఊయల బల్ల. దేవుడి పటం వెనక వస్తుంటే అది మనిషి తలకంటే పైన ఉండాలి, లేదా అసలు రాకూడదు. పటం కూర్చున్నవాళ్ల భుజం కిందకి పడితే ఇంట్లో పెద్దవాళ్లు తప్పకుండా పట్టుకుంటారు.

వెనక మైపాడు సముద్రమో, కొత్తపట్నం తీరమో కావాలన్నారా? ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. సముద్రం ఆకాశాన్ని తాకే గీత ఎప్పుడూ చూసేవాళ్ల కంటి ఎత్తులోనే ఉంటుంది. మీ కళ్లు, కూర్చున్నవాళ్ల కళ్లు ఒకే ఎత్తులో ఉంటే ఆ గీత సరిగ్గా వాళ్ల కళ్లమీదుగా పోతుంది. గీత ఛాతీ దగ్గరకి రావాలంటే మీరు కిందకి దిగి వాళ్ల ఛాతీ ఎత్తునుంచి చూసి వేయాలి. ఇది పట్టించుకోకుండా ఫోటోలోని బీచ్‌ని అతికిస్తే మనిషి గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది. గీత మెడ దగ్గర మాత్రం పడనివ్వద్దు.

పొలాలకీ ఇదే వర్తిస్తుంది. బయట కూర్చోబెట్టి వేయకండి, ఎండకి కళ్లు చికిలిస్తారు, వెలుతురు నాలుగువైపులనుంచి పడి ముఖం చదునైపోతుంది. మనిషిని వరండాలో కూర్చోబెట్టి, వరిమళ్లను విడిగా వేసుకుని తెచ్చి, వెనక అసలు రంగుకంటే రెండు మెట్లు మసగ్గా కలపండి.

8. కాన్వాస్ ముట్టుకునే ముందు ట్రయల్

అన్నీ అమర్చి ఫోనుతో ఫోటో తీయండి. ఎనిమిది పదడుగుల దూరం నిలబడి 2ఎక్స్ జూమ్ పెట్టండి. దగ్గరికెళ్లి తీస్తే ముక్కు, మోకాళ్లు పెద్దవవుతాయి. పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి, అది చెవులు, జుట్టు అంచులు మింగేస్తుంది. ఒక ఫోటోలో చేతికి తెల్ల కాగితం ఇవ్వండి, తర్వాత రంగు సరిచూసుకోవడానికి.

ఆ ఫోటోను నలుపు తెలుపుకి మార్చి కళ్లు సగం మూసి చూడండి. ముందు ముఖం కనపడాలి. చొక్కానో, చెంబో, తలుపు అంచో ముందు కనపడితే దాన్ని నీడలోకి జరపండి, కుదరకపోతే తీసేయండి.

9. గుర్తులు

కుర్చీ నాలుగు కాళ్లకు, మనిషి పాదాలకు, మీ ఈజిల్‌కి నేలమీద టేపు అంటించండి. చూపు నిలపడానికి ఎదురు గోడమీద ఒక గుర్తు పెట్టండి. ఇరవై నిమిషాలకోసారి ఐదు నిమిషాల విరామం ఇవ్వండి. డెబ్బై దాటినవాళ్లకు ఇంకా ముందే.

10. ఫోటోనే ఆధారమైతే

పోయినవాళ్ల బొమ్మల్లో పాస్‌పోర్టు ఫోటో ఒకటిచ్చి పట్టుచీర, కుర్చీ, తోట అన్నీ పెట్టమంటారు. ముందు ఫోటోలో వెలుతురు ఎటునుంచి ఉందో చూడండి. మీరు కొత్తగా చేర్చే ప్రతి వస్తువూ అదే వైపు వెలుతురులో ఉండాలి. స్టూడియోలో ఎదురు ఫ్లాష్‌తో తీసినదైతే వెనక ఉత్త గోడ తప్ప ఏదీ నప్పదు.

పోయినావిడ చీరో, పోయినాయన చేతికర్రో ఇంట్లో దాచి ఉంటే అడిగి తెప్పించుకోండి. అదే ఒడ్డూ పొడుగూ ఉన్న బంధువుకి ఇచ్చి, ఫోటోలోని వెలుతురు దిక్కున కూర్చోబెట్టి చేతులు, బట్టలు చూసి వేయండి. ఇద్దరినీ పక్కపక్కన వేయమంటే రెండు ఫోటోల్లో వయసులు చూసుకోండి. యాభై ఏళ్ల ఆయన పక్కన ఎనభై ఏళ్ల భార్య ఉంటే చూసినవాళ్లు తల్లీకొడుకులనుకుంటారు. వాళ్లకు ఉన్నప్పుడు లేని నగలు, కారు పెట్టమంటే ఒప్పుకోవాలా లేదా అన్నది మీ ఇష్టం. నేను ఒప్పుకోను.

11. ముందురోజు చూసుకోవాల్సినవి

☐ కిటికీ అద్దాలు తుడిచారా, కింది సగానికి అట్ట కట్టారా
☐ జంపఖానా, పక్క గోడకి దుప్పటి
☐ వెనక గుడ్డ మడతల గీతలు పోయాయా
☐ చేతి వస్తువు, అసలు బరువుతో
☐ నగల జాబితా, చీర కట్టు ఫోటో
☐ క్షవరం కనీసం నాలుగు రోజుల ముందే అయిందా? నిన్న చేయించుకున్న చెవి పక్కన చర్మం తెల్లగా ఉంటుంది.
☐ కరెంటు పోతే ఏం చేయాలో
☐ టేపు, సుద్దముక్క, మంచినీళ్లు

12. బొమ్మ అయ్యేవరకు

చీర ఉతకవద్దని, చొక్కా ఇస్త్రీ చేయవద్దని, కుర్చీని వేరే గదిలోకి మార్చవద్దని ఇంట్లో పనిచేసేవాళ్లకు కూడా చెప్పండి. వస్తువులన్నీ ఒక బుట్టలో వేసి పైన కాగితం అంటించండి. కుర్చీ తప్పక జరపాల్సి వస్తే టేపు గుర్తులు పీకకుండా జరపమనండి. బొమ్మకి కూర్చునే ఆయనకు జుట్టుకి రంగేసుకునే అలవాటుంటే, రంగుతోనా నెరుపుతోనా అన్నది మొదటి రోజే తేల్చుకుని, ఆఖరి సిట్టింగ్ వరకు అలాగే ఉండమని చెప్పండి.